చుక్క కారని కాగితం

మార్చి ఏడో తేదీ, శనివారం. ఆ రోజు మధ్యాహ్నం పటాలాయన ఇంట్లో ముగ్గురు మనుషులు తిన్నది ఒక పక్క మాడిన రొట్టె ముక్కలు, ఉడికించిన గుడ్లు. ఆ గుడ్లయినా టీ గిన్నెలో ఉడికినవే. ఇంట్లో ఉన్న పెద్ద గిన్నెలు రెండూ సబ్బు పనికి వెళ్ళిపోయాయి మరి. ఆ భోజనం ఆయనకి ఇప్పటికీ ఎందుకు గుర్తుందో చెప్పాలంటే కిటికీలో ఉన్న సీసా దగ్గర మొదలుపెట్టాలి.

పటాలాయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ వీధిలో దాని అవసరం ఎవరికీ పడలేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ సర్వే ఆఫీసులో కూర్చుని పటాలు గీశాడు కాబట్టి ఆయన పటాలాయన. ఆయన భార్య ఇంట్లోనే సబ్బులు చేసేది. పోయేముందు ఎండాకాలంలో నారింజ తొక్కలూ పూల రేకులూ ఎండబెట్టి, గాజు సీసాలో నూనె పోసి నానబెట్టి, వంటింటి కిటికీలో ఎండ తగిలేచోట పెట్టింది. సబ్బు చేసే రోజు మాత్రం ఆమెకి రాలేదు. సీసా అక్కడే ఉండిపోయింది. ఆమె చేసినట్టే ఆయన రోజూ పొద్దున్నే దాన్ని కాస్త తిప్పి, రెండో పక్కకి ఎండ తగిలేలా పెట్టేవాడు. అంతకుమించి దాన్ని ముట్టుకునే ధైర్యం లేదు. ఉన్నది ఒకటే సీసా. చేస్తే ఒక్క పెట్టెడు సబ్బు అవుతుంది. అది పాడైతే అంతే, ఆమె చేతితో మొదలై పూర్తికాకుండా మిగిలినది ఆ ఇంట్లో ఇంకేదీ లేదు.

భార్య అక్కగారు ఎదురువాటాలో ఉంటుంది. ఆవిడ రాకపోకలు తలుపు చప్పుడును బట్టే తెలిసేవి. వదినగారు తలుపు వేశారంటే పై అంతస్తులో పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్ళు. ఒకరోజు ఆవిడ ధడేలున తలుపు తోసుకొచ్చి, అడక్కుండానే సీసా మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

“మరిదిగారూ, ఇంకో ఎండాకాలం గడిస్తే ఇది సబ్బుకి కాదు, బండి ఇరుసుకి పనికొస్తుంది. మా చెల్లి చేతి నూనెని కంపు కొట్టిస్తారా ఏమిటి?”

“చెయ్యాలనే ఉంది వదినగారూ. పెట్టెలో కాగితం వెయ్యడమే నాకు రాదు.”

మిగతా పనంతా ఆయనకి తెలుసు. కాస్టిక్ సోడా నీళ్ళు ఎలా చల్లార్చాలో తెలుసు, నూనెలో పోసి కలపడం తెలుసు. అసలు కలిపే పని ఎప్పుడూ ఆయనదే. కానీ చెక్కపెట్టెలో సబ్బు అంటుకోకుండా బటర్ పేపర్ పరిచి, సబ్బు పోసి, మర్నాడు బయటికి తీసే ఘట్టం మాత్రం ఆమె వంటింటి తలుపు వేసుకుని ఒంటరిగా చేసేది. “మీరు పక్కనుంటే కొలతలంటారు, అవతలికి పొండి” అనేది. కాసేపటికి పెట్టెని పసిబిడ్డలా ఎత్తుకుని బయటికొచ్చి, “నా కాగితం చుక్క కారదు” అని ప్రకటించేది. ఆ మాట వదినగారి నోటిమీదుగా వీధి చివరిదాకా వెళ్ళింది.

“కాగితం వెయ్యడానికి ఏముందండీ? చదువుకున్నారు, దేశాలు గీశారు, ఈ డొక్కు పెట్టెలో కాగితం పరచలేరా?” అంది వదిన. ఆ మాటతో ఆయనకి పౌరుషం వచ్చింది. శనివారానికి ముహూర్తం పెట్టేశారు.

శనివారం పొద్దున్న ఆయన పెన్సిలు చెక్కుకున్నాడు. పెట్టె పొడవూ వెడల్పూ ఎత్తూ కొలిచి, బటర్ పేపర్ మీద గీతలు గీసి, కత్తిరించి, మడతపెట్టి, పెట్టెలో దించాడు. కాగితం దిగనంది. నెత్తిన కొట్టి దించితే నడుం దగ్గర లేచింది. నడుం నొక్కితే నాలుగు పక్కలా లేచి నిలబడింది, అరువు చొక్కాలో ఇరుక్కున్న పెళ్ళికొడుకులా.

వదిన చేతులు కట్టుకుని చూసింది. “ఏం కొలిచారు?”

“పెట్టెని.”

“లోపలా, బయటా?”

పటాలాయన కిటికీలోంచి ఎదురు గోడని చాలా శ్రద్ధగా చూశాడు.

“దేశాలు కూడా ఇలాగే గీశారా? అందుకేనేమో సరిహద్దుల దగ్గర అన్ని తగాదాలు,” అంది వదిన. “లేవండి. ఇటివ్వండి.”

ఆవిడది కొలతల పద్ధతి కాదు. కాగితాన్ని పెట్టె మీద పరిచి, పిడికిలి బిగించి, ఎవరిమీదో కోపం తీర్చుకుంటున్నట్టు మూలలోకి ఒక్క గుద్దు గుద్దింది. కాగితం చక్కగా దిగింది. మూల కూడా చక్కగా చిరిగింది. రెండోది పరిచింది. అదీ చిరిగింది. మూడోదానికి, “నాసిరకం కాగితాలు తెచ్చి నన్నంటారేం?” అంది, ఆయన ఏమీ అనకపోయినా.

చుట్టలో కాగితం తరిగిపోతోంది. ఆయన చూపు మాటిమాటికీ కిటికీలో సీసా మీదికి పోతోంది. “మానేద్దాం వదినగారూ. నూనె అలాగే ఉండనీ,” అన్నాడు మెల్లగా.

ఆ గొంతు వినగానే ఆవిడ పెట్టె పక్కకి జరిపింది. కిటికీ తెరిచి కిందికి కేకేసింది. “ఏమయ్యా దర్జీ! ఒకసారి పైకి రా. టేపు తెచ్చుకో!”

కింద వాటాలో బట్టలు కుట్టే దర్జీ మెడలో టేపుతో, పెదాల మధ్య గుండుసూదులతో వచ్చాడు. సంగతి విని, సూదులు తీసి జేబుకి గుచ్చుకుని, పెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

“ఛాతీ ఫరవాలేదు. నడుమన్నదే లేదు,” అన్నాడు. “బిగుతుగా ఉంచమంటారా సార్, కాస్త వదులుగానా?”

“సబ్బు తిని లావెక్కదులేవయ్యా. బిగుతుగానే కానియ్,” అంది వదిన.

దర్జీ లోపలివైపే కొలిచాడు. ఆ ఒక్క కారణానికే పటాలాయనకి అతనంటే గౌరవం పెరిగింది. కాగితం చుట్ట చంకలో పెట్టుకుని అతను కిందికి వెళ్ళగానే మిషను చప్పుడు మొదలైంది. ఈలోగా వదిన టీ గిన్నెలో గుడ్లు పడేసి రొట్టె కాల్చింది. రొట్టె కాలుస్తూనే కిటికీలోంచి దర్జీకి సలహాలు ఇవ్వడం వల్ల అది ఒక పక్క మాడింది.

దర్జీ కొత్త కోటు తెచ్చినట్టు కాగితాన్ని ముంజేతి మీద వేసుకుని తెచ్చాడు. పెట్టెలో దించాడు. ఎక్కడా ముడత లేదు. అంచులు మడిచి కుట్టాడు. పట్టుకుని పైకి లాగడానికి రెండు చెవులు కూడా పెట్టాడు.

“మూలలు చూడండి సార్. ఒక వరస కాదు, రెండు వరసలు కుట్టాను.”

ముగ్గురూ వంగి మూలలు చూశారు. వదిన కూడా, “ఊఁ,” అంది, అది ఆవిడ దగ్గర పెద్ద బిరుదు. ఆ సంతోషంలోనే ముగ్గురూ కూర్చుని రొట్టె, గుడ్లు తిన్నారు. పటం గీసినవాడికి గీత కనబడుతుంది. దర్జీకి కుట్టు కనబడుతుంది. వదినకి ఎదుటివాళ్ళ తప్పు కనబడుతుంది. సూది దిగిన చోటల్లా చిల్లి ఉంటుందని చూసే మనిషి మాత్రం ఆ ఇంట్లో ఇప్పుడు లేదు.

భోజనాలయ్యాక చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని పనిలో దిగారు. పటాలాయన సీసా వంచి, ఆఖరి బొట్టు పడేదాకా అలాగే పట్టుకున్నాడు. చల్లారిన సోడా నీళ్ళు నూనెలో పోసి కలుపుతూ కూర్చున్నాడు. చిక్కబడి, గరిటె తిప్పిన గీత పైన నిలబడగానే పెట్టెలో పోశాడు. పెట్టె నిండింది. నారింజ వాసన సన్నగా గదిలో తిరిగింది. ఆయన బల్లకి రెండు చేతులూ ఆనించి, హమ్మయ్య అనుకున్నాడు.

టప్.

వదిన కుళాయి వైపు చూసింది. కుళాయి కట్టేసే ఉంది.

టప్. టప్.

“అయ్యో, కారుతోంది!” అన్నాడు పటాలాయన. చిన్నపిల్లాడిలా వచ్చింది ఆయన గొంతు.

దర్జీ తొడుగుల చేతులతో పెట్టె మూల పట్టుకున్నాడు. “ఇక్కడ పట్టుకుంటే అక్కడ కారుతోంది అక్కా!”

“అక్కడా పట్టుకో!”

“అక్కడ పట్టుకుంటే ఇక్కడ!”

“రెండు వరసలు ఎవడు కుట్టమన్నాడయ్యా నిన్ను?”

“గట్టిగా ఉంటుందని!”

“సబ్బేమైనా గోడలెక్కుతుందా, మోకాళ్ళ దగ్గర చిరగడానికి? మరిదిగారూ, అలా చూస్తారేం, పళ్ళెం పెట్టండి కింద!”

ఆయన పళ్ళెం పెట్టాడు. పడుతున్న ప్రతి చుక్కా ఆయనకి వేరేగా వినబడింది. పెట్టె గోడకీ కాగితానికీ మధ్యకి జారుకున్నది ఎంతో, ఎవరికి తెలుసు? దర్జీ ఒక మూల, వదిన రెండు మూలలు, పటాలాయన ఒక మూల పట్టుకుని, పెట్టెతో ఫొటో దిగుతున్న బంధువుల్లా అలా నిలబడిపోయారు. దర్జీకి ముక్కు దురద పుట్టింది. తొడుగుల చేత్తో ముట్టుకోకూడదు కాబట్టి భుజానికి రాసుకోబోయి వదిన చేత చీవాట్లు తిన్నాడు.

అంతలో చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం పెరిగింది. లోపల సబ్బు ఇంకా చిక్కబడి, తన చిల్లులు తనే పూడ్చుకుంది. పళ్ళెంలో చేరింది మహా అయితే ఒక బిళ్ళకి సరిపడేది. పటాలాయన దాన్ని తుడిచి తీసి ఒక పాత కప్పులో వేశాడు. పెట్టె మీద దుప్పటి కప్పాడు. “ఫరవాలేదు,” అన్నాడు, ఎవరితో అన్నాడో తెలియకుండా.

మర్నాడు సాయంత్రం మళ్ళీ ముగ్గురూ చేరారు. దర్జీ తను కుట్టిన చెవులు పట్టుకుని లాగాడు. చెవులు వచ్చాయి. సబ్బు రాలేదు. చిల్లుల్లోంచి జారిన సబ్బంతా చెక్కకి కరుచుకుని గట్టిపడింది. వదిన పెట్టెని బోర్లించి వీపు మీద దబదబా బాదింది. దర్జీ సన్నటి గరిటె దూర్చి చూశాడు. గరిటె వంగింది.

“సుత్తి తెస్తాను. పెట్టె పగలగొడితే సబ్బయినా దక్కుతుంది,” అంది వదిన.

“వద్దు,” అన్నాడాయన. పెట్టె కూడా ఆమెదే. సబ్బు కోసం పెట్టెనో, పెట్టె కోసం సబ్బునో వదులుకోమంటే ఏం చెప్పగలడు? బోర్లించిన పెట్టెని దగ్గరికి లాక్కుని, అడుగు చెక్క మీద చెయ్యేసి ఊరికే కూర్చున్నాడు. వేలికి చల్లగా ఏదో తగిలింది. వంగి చూశాడు.

అడుగున నాలుగు మూలలా స్క్రూలు ఉన్నాయి. చెక్క నల్లబడింది గానీ వాటి తలలు మాత్రం కొత్త గిన్నెల్లా మెరుస్తున్నాయి. స్క్రూడ్రైవరు పెట్టే గాళ్ళు అరిగిపోయి ఉన్నాయి. ఎప్పుడో బిగించి వదిలేసిన స్క్రూలు అలా మెరవవు.

“వదినగారూ,” అన్నాడాయన, “ఇవి మాటిమాటికీ తిప్పినవి.”

దర్జీ పరుగెత్తి మిషను స్క్రూడ్రైవరు తెచ్చాడు. నాలుగు స్క్రూలు వదులు చేసి లాగితే పక్క చెక్క చప్పున ఊడొచ్చింది, దాని వెనకే రెండోది. మధ్యలో సబ్బు చెక్కుచెదరకుండా నిలబడింది. కానీ ఆ క్షణంలో దాన్ని ఎవరూ చూడలేదు. ముగ్గురి కళ్ళూ ఊడొచ్చిన చెక్కల మీదే ఉన్నాయి.

చెక్కలు కలిసే గాడి పొడుగునా పాత సబ్బు ఉంది. పొర మీద పొర. ఆకుపచ్చది పుదీనాది. తెల్లది, ఎవరికో పసిబిడ్డ పుడితే చేసింది. గోధుమరంగుది కాఫీ సబ్బు. అది రుద్దుకుని ఆఫీసుకి వెళ్తే పక్క సీటాయన, “ఇంట్లో తాగొచ్చారా, మాకు లేదా?” అనేవాడు. పటాలాయన జీవితంలో చాలా పటాలు చూశాడు గానీ, ఇంత తేలిగ్గా చదవగలిగినది ఇదే.

“చుక్క కారదందే!” అంది వదిన.

“కారింది.”

“ప్రతిసారీనా?”

“చూస్తున్నారుగా. ప్రతిసారీనే.”

“తలుపేసుకుని… స్క్రూలు విప్పుకుని… బయటికొచ్చి ఆ కబుర్లా! వీధి వీధంతా చెప్పుకొచ్చానే నేను! మా చెల్లిలా కాగితం వెయ్యడం చేతకాదని ఎంతమందిని దెప్పానో! ఒసే దొంగమొహమా!” ఆవిడ కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది, తుడుచుకుని మళ్ళీ నవ్వింది. ఆ నవ్వు పటాలాయనకీ అంటుకుంది. ఆ వంటింట్లో ఆయన కడుపుబ్బా నవ్వి చాలాకాలమైంది. తలుపు అవతల ఆమె ఒంటరిగా స్క్రూలు తిప్పుకుంటూ, చప్పుడు కాకుండా నవ్వాపుకుంటూ ఉండే దృశ్యం కళ్ళకి కట్టింది.

“అయితే,” అన్నాడు దర్జీ, సందు చూసుకుని, “నా కుట్టులో తప్పేం లేదన్నమాట.”

“నువ్వు నోరు ముయ్యి,” అంది వదిన, ఆప్యాయంగా.

కాగితం ఒలిస్తే సబ్బు నాలుగు అంచులా దారం ముద్రలు పడ్డాయి, రెండేసి వరసలు, తీర్చిదిద్దినట్టు. కోసిన బిళ్ళల్లో అంచువి తనకే కావాలని దర్జీ పట్టుబట్టాడు, వచ్చేవాళ్ళకి తన పనితనం చూపించుకోవచ్చని. ఆరాక ఇస్తానని పటాలాయన మాటిచ్చాడు.

దర్జీ వెళ్ళాక వదిన చెక్కల్ని దగ్గరికి లాక్కుంది. గాళ్ళలో మడ్డి చూస్తే ఆవిడ చెయ్యి ఊరుకోదు. చిన్న కత్తి తీసి కాఫీరంగు పొర మీద ఆనించింది. ఆవిడ ఒకసారి ఆయన మొహం చూసింది, కత్తి తుడిచి సొరుగులో పడేసింది.

“ఎందుకులెండి. మళ్ళీ కారేదేగా,” అంది. “రేపు నారింజలు తెస్తాను. సీసా ఖాళీగా ఉంటే కిటికీ బోసిగా ఉంది.”

ఆయన బిళ్ళల్ని చిన్నగదిలోకి తీసుకెళ్ళి, అలమరలో ఒకదానికొకటి తగలకుండా పేర్చాడు. కొన్ని వారాలు అక్కడ ఆరాలి. కప్పులో గట్టిపడినదాన్ని కూడా చివర్లో పెట్టాడు. కప్పు ఆకారంలో, తలకి మించిన టోపీ పెట్టుకున్నట్టుగా ఉంది అది. గదంతా అప్పుడే పలచగా నారింజ వాసన.

“ఇక పడుకోండి మరిదిగారూ,” అంది వదిన గుమ్మంలోంచి. ఆయన బయటికొచ్చాక ఆవిడ చిన్నగది తలుపు రెండు చేతులతో పట్టుకుని, గడియ తగలకుండా వేలు అడ్డం పెట్టి, నెమ్మదిగా దగ్గరికి వేసింది. పై అంతస్తులో పసిపిల్లలెవరూ లేవలేదు.