రెండో సంవత్సరానికి బేరం

శృంగవరపుకోటలో బస్సు దిగినప్పటి నుంచీ సింధూరి మార్కుల కాగితాలు తీసి చూసుకుంటూనే ఉంది. రెండేళ్లు చదివిన కాలేజీలో పిల్లలు చాలడం లేదని ఫారెస్ట్రీ డిగ్రీ ఎత్తేశారు. మిగతా రెండేళ్లూ ఈ కొండ కింది కాలేజీలో పూర్తి చేద్దామనుకుంటే, ఫోన్లో గుమాస్తా అన్న మాటకి గుండెల్లో రాయి పడింది: "మళ్లీ మొదటి సంవత్సరంలో కూర్చోవాల్సి రావచ్చు." ఆ రోజే నాన్న తేల్చేశాడు. మొదటి నుంచీ అంటే కుదరదు, మానేసి కొట్లో కూర్చోవాలి.

నాన్న నగరేశ్వరరావుకి ఆమదాలవలసలో చింతపండు, కరక్కాయల టోకు వ్యాపారం. ఎదుటివాడొకటి చెబితే తానొకటి చెప్పి మధ్యకు తెగ్గొట్టడం ఆయన పాత జబ్బు. డాక్టరు పది రోజులు మందులు వాడమంటే, వారం చేయమని అడిగిన ఘనుడు. అలాంటి మనిషిని వెంట తెచ్చుకున్నందుకు, కాలేజీ మెట్లెక్కుతూ సింధూరి తనను తానే తిట్టుకుంది.

"నువ్వేటీ మాట్లాడకు నాన్నా."

"నేనేటి మాట్లాడతాను? నీ సదువు, నువ్వే సెప్పు."

విభాగాధిపతి అనూరాధ మేడమ్ మార్కులు చూసి పక్కన పెట్టింది. తర్వాత ఆకుల్లేని ఎండు కొమ్మలు బల్ల మీద పరిచి, ఏది ఏ చెట్టుదో చెప్పమంది. సింధూరి బెరడు గీరి, వాసన చూసి చెప్పుకుంటూ పోయింది. నల్లమద్ది, బిల్లుడు, ఏగిస. చివరి కొమ్మ దగ్గర ఆగిపోయింది. తిప్పి చూసింది, మళ్లీ చూసింది.

"ఇది తెలీదు మేడమ్."

మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంటోంది. ఈలోగా నగరేశ్వరరావు కుర్చీ ముందుకు జరిగింది.

"సూడండి మేడమ్. మీ మొదటిదీ వద్దు, మా మూడోదీ వద్దు. మజ్జకి తెగ్గొట్టీండి. రెండో సంవత్సరంలో ఏసుకోండి."

మేడమ్ ఆశ్చర్యపోయింది. "మీకదే సమ్మతమా?"

"సమ్మతమే. మాటంటే మాటే."

"సరే, మీ ఇష్టం."

ఒక ఏడాది గాలికి పోయింది. బయటి మనిషి ముందు నాన్న మాట కాదనడానికి సింధూరికి నోరు రాలేదు. బయటికొచ్చాక, హాస్టల్ సంగతి కనుక్కు రమ్మని ఆయనే వెనక్కి పంపాడు.

"నిన్ను మూడో ఏడాదికే తీసుకుందామనుకున్నానమ్మా," అంది మేడమ్. "ఒక్క కొమ్మ తెలియకపోతే ఏం? మీ నాన్నగారు అంత గట్టిగా అంటుంటే ఇంట్లో ఏదో ఇబ్బంది ఉందేమో అనుకున్నాను. ఇప్పటికైనా ఆయన సరేనంటే మూడో ఏడాదే. పిలుచుకురా."

సింధూరికి ఒళ్లు మండిపోయింది. తన చదువును చింతపండు బస్తా చేసిన మనిషిని నాలుగు దులిపేద్దామని గబగబా మెట్లు దిగింది.

కింద ఆయన అటు తిరిగి భార్యతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. "ఒసే కన్యాకుమారీ, పిల్ల సదువు ఆగదే. మొదటిదైతే మానీమని నోరు జారీసాను గదా. ఆ కొమ్మ దగ్గర అది ఆగిపోయినప్పుడు, ఆ మాట మీద ఎక్కడ నిలబడాల్సొస్తాదో అని హడలిపోనాను. ఎలాగో ఒక సంవత్సరం తగ్గించీసాను." చొక్కా వీపున తడిసి ముద్దయింది.

సింధూరి చివరి మెట్టు మీదే ఆగిపోయింది. తనకంటే ఆయనే ఎక్కువ భయపడ్డాడు.

"నాన్నా," అంది. "మేడమ్ పిలుస్తన్నారు. ఇంకో సంవత్సరం తగ్గిస్తారంట. మూడో దాంట్లోనే ఏసుకుంటారంట."

ఆయన ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కూతురి మొహంలోకి చూశాడు. నమ్మకం కుదరడానికి కాస్త టైము పట్టింది. ఆ తర్వాత పట్టపగ్గాల్లేవు.

"సూసావా! బేరం కుదిరాక గుమ్మం దిగీయాల. ఆళ్లే వెనక్కి పిలుస్తారు!"

"అవును నాన్నా." సింధూరి ఆయన చెయ్యి పట్టుకుని మెట్ల వైపు లాగింది. "పద. లోపల సరేనంటే సాలు. నాలుగోది అడక్కు."