మగ తీగ

నాన్న చేతికి గొడ్డలిచ్చి, ఆయన పెంచిన ద్రాక్ష తీగల్ని ఆయన చేతే నరికించినవాడి పేరు ఎలిజ్బార్. దేశం చేత మందు మాన్పిస్తామని మాస్కో పెద్దలు బయలుదేరిన రోజులవి. హుకుం వచ్చింది సర్కారు తోటలకే. కానీ ఊరి పార్టీ పెద్ద ఎలిజ్బార్‌కి స్వామిభక్తి ఎక్కువై, పెరటి తీగల్ని కూడా వదల్లేదు.

"పొయ్యిలోకి బాగుంటాయిలే జక్రో. చలికాలం వెచ్చగా పడుకో" అని నవ్వాడు కూడా.

నాన్న ఆ చలికాలం దాటలేదు. ఆ నవ్వు మాత్రం నా చెవుల్లో ఉండిపోయింది.

అప్పట్లో మాస్కో ఏలుబడిలో ఉన్న ద్రాక్షసీమ కఖేతీలో, అలజానీ నది పక్కన మా ఊరు. పందుల దొడ్డి వెనక అక్రోటు చెట్టెక్కిన తీగ ఒక్కటి వాళ్ల కంట పడలేదు. దాన్ని కళ్లలో వత్తులు వేసుకుని కాపాడుకున్నాను.

కాలం తిరగబడింది. మందు మాన్పించిన మొనగాడే వైను తోట పెట్టాడు. బస్సుల్లో జనం వస్తారు. "ఎనిమిది వేల ఏళ్లుగా మావాళ్లు వైను చేసేది ఇలా భూమిలో పాతిన మట్టి బానల్లోనే" అంటూ తొక్కలతో పులియబెట్టిన తేనెరంగు వైనూ, పళ్లు నల్లబడే ముదురెరుపు సపెరావీ వైనూ పోస్తాడు. "మా తాత తవ్విన గొయ్యి ఇది" అని ముక్తాయింపు. బానలు నిజం, వైను నిజం, తాత ఒక్కడే అబద్ధం. వాళ్ల తాత గుర్రాలకు లాడాలు కొట్టేవాడు.

అతనికి ఒకటే లోటు, ఇంకే వైను తోటలోనూ లేని పాతకాలపు తీగ. అది మా దొడ్లో ఉందని ఎలాగో తెలిసింది. కొమ్మలు కత్తిరించే ఫిబ్రవరిలో మిఠాయి పట్టుకుని వచ్చాడు.

"పాత సంగతులు మనసులో పెట్టుకోకు ఎతేరీ. అప్పటి కాలం అలాంటిది."

"అవునన్నా, తప్పంతా కాలానిదే. గొడ్డలి కూడా అదే పట్టుకొచ్చింది."

సిగ్గుంటే కదా, పకపకా నవ్వాడు. "మీ నాన్న తీగ కొమ్మలు నాలుగియ్యి. ఆయన పేరు నిలబెడతా."

"నాలుగేం ఖర్మ, కట్టలు కట్టిస్తా. ఆదివారం రా."

ఆకు లేని కొమ్మ జాతి కనిపెట్టడం ఎంతవాడికైనా కష్టం. మరునాడే నది ఒడ్డు అడవికి వెళ్లాను. అక్కడి అడవి ద్రాక్షల్లో మగ తీగలుంటాయి. పూస్తాయి, ఘుమఘుమలాడతాయి, చచ్చినా కాయవు. ఏ తీగ ఏనాడూ కాయలేదో చిన్నప్పటి నుంచీ నాకు తెలుసు. చేతులు గీరుకుపోయేదాకా కోశాను. బతుకులో అంత హాయిగా ఏ పనీ చెయ్యలేదు.

ఎలిజ్బార్ ఆ కొమ్మల్ని అంటు కట్టించి వాలు పొడుగునా నాటించాడు. తీగ నరకడం తెలిసినవాడే కానీ పెంచడం తెలిసినవాడు కాడు. పెంచేది అతని తోటమాలి గిగ్లా. ఆకులు విచ్చాక గిగ్లా మా గుమ్మం ముందు నిలబడ్డాడు.

"అక్కా, ఆ ఆకు అడవిదిలా ఉందే?"

"అడవిదే."

చాలాసేపు టోపీ నలిపాడు. వాళ్లింటి తీగల్నీ మా నాన్న తీగలతోపాటే నరికించారు.

"నాకు ఈ మధ్య చూపు ఆనట్లేదక్కా" అని వెళ్లిపోయాడు.

ఊరందరికీ తెలిసింది. ఒక్కరూ ఎలిజ్బార్ చెవిన వెయ్యలేదు.

మూడో ఏడు మే నెలాఖరులో వాలంతా పూసింది. ఎలిజ్బార్ పూల పండగని పేరు పెట్టి రెండు బస్సుల జనాన్ని పిలిచాడు. పొడవాటి బల్ల, కాల్చిన మాంసం, ఊరి పెద్దలు. అతని పక్కన నేను. గ్లాసు ఎత్తి అతనే మొదలుపెట్టాడు.

"పోయిన పెద్దల కోసం! ఆ పాడు రోజుల్లో, ఈ తీగను నా ప్రాణాలకు తెగించి దాచాను. జక్రో కూతురే సాక్షి. అలావెర్ది నీకు, ఎతేరీ!"

అలావెర్ది అంటే గ్లాసెత్తి మొదలుపెట్టిన మాటను ఇంకొకరికి అప్పగించడం, అందుకున్నవాళ్లే దాన్ని ముగించాలి. వాళ్లను మధ్యలో ఆపడం మా బల్లల దగ్గర పరమ మర్యాద తక్కువ. వాడే తాడు పేని నా చేతికిచ్చాడు. లేచాను.

"పోయినవాళ్ల కోసమే తాగుదాం. మా నాన్న జక్రో కోసం. ఈ పక్కనున్న పెద్దమనిషి ఆయన చేతే ఆయన తీగలు నరికించి, పొయ్యిలో పెట్టుకోమన్నాడు. ఇక్కడ మీరు వాసన చూస్తున్నవి మగ తీగల పూలు. ఒక్క కాయా కాయవు. నేనే ఇచ్చాను, తెలిసే ఇచ్చాను."

ఎలిజ్బార్ వాలు వైపు చూసి నా వైపు తిరిగాడు. "అసలుది... అసలు తీగ ఏదీ?"

"గిగ్లా ఇంట్లో ఉంది. చర్చి ఫాదరు ఇంట్లో ఉంది. ఏటా కొన్ని కొమ్మలు పంచుతూనే ఉన్నాను. ఊళ్లో మా నాన్న తీగ లేని గడప నీదొక్కటే."

ఊరివాళ్లు ఒక్కొక్కరే లేచారు. పోయినవాళ్ల వాటాగా రొట్టె ముక్కల మీద వైను చిలకరించారు. బస్సుల వాళ్లు కూడా లేచారు. పోయినవాళ్ల పేరెత్తితే కూర్చుని తాగకూడదు. ఎలిజ్బార్ బల్ల అంచు పట్టుకుని లేచాడు.

"పేరు చెప్పి తాగన్నా" అన్నాను.

"జక్రో" అన్నాడు, గ్లాసులోకి చూస్తూ.

"వినపడలేదు."

మళ్లీ అన్నాడు. గ్లాసు అడుగు కనిపించేదాకా తాగాడు. వాడలా తల వంచుకుని నిలబడటం చూస్తే జాలేస్తుందేమో అనుకున్నాను. వెయ్యలేదు.