కొండ మీద ఆరో రూమ్ గంజు

సెలవు దినాన మనిషిని కొండ ఎక్కించిందెవరు? ముందుకు రండి. ఏసీ గదిలో కూర్చుని "మన లేబర్ కూడా సరదాకి కొండలెక్కుతారు" అని క్యాలెండర్ ఫొటోకు ప్లాన్ గీసిన మేనేజర్ దొరా, నువ్వు అందరికంటే ముందు రా. దానికి తలలూపిన ఆఫీసు వాళ్లూ రండి. గంజు వంతు మార్చుకుందామంటే "రూల్ రూలే" అన్న మూడో రూమ్ వాళ్లూ, మీరు వెనక దాక్కోకండి. వారమంతా సిమెంటు మోస్తూ ఆ కొండే ఎక్కినవాణ్ణి పట్టుకుని, ఇవాళ ఊరికే ఎక్కి చూడు, హాయిగా ఉంటుంది అనడానికి మీకు నోరెలా వచ్చింది? పెద్దులు అడగలేదు. కాదు, అడిగాడు. అడిగింది మీకు చేరలేదు. అది ఎందుకు చేరలేదో కూడా చెబుతాను.

పెద్దులుది జగిత్యాల దిక్కు. పని మాత్రం గల్ఫ్‌లో. అక్కడ సలాలా ఊరి బయట సముద్రాన్ని ఆనుకుని ఒక కొండ ఉంది. మరీ పెద్దదేం కాదు, మన దగ్గరైతే గుట్ట అని వదిలేస్తాం. ఒక హోటల్ కోసం పెద్దులు కంపెనీ దానికి మెట్లు కట్టింది. పైన చదును చేసి ఒక సిమెంటు బెంచీ పోసింది. హోటల్‌కు వచ్చినవాళ్లు మెట్లెక్కి, బెంచీ మీద కూర్చుని, సముద్రాన్ని చూసి దిగిపోతారట.

"చూసి ఏం జేస్తరు?" అని పెద్దులు మొదటిరోజే అడిగాడు.

"చూసుడే పని," అన్నాడు ఓంకార్. అతను సుతారి. తాపీ పట్టుకుంటే గోడ అద్దంలా లేవాల్సిందే, లేకపోతే అన్నం తినడు.

నిజానికి ఆ సముద్రాన్ని వీళ్లెవరూ చూసినవాళ్లు కారు. పని మొదలైన నాటి నుంచి వానాకాలమే. సలాలా వానంటే మన వాన కాదు, తుంపర. కొండ నెత్తిన పొగమంచు గొంగడి కప్పుకుని కూర్చుంటుంది. ఎడారి ఊళ్ల నుంచి జనం పిల్లాజెల్లలతో కార్లేసుకుని వచ్చి, ఆ తుంపరలో చాపలు పరుచుకుని, తడుస్తూ నవ్వుకుంటారు. పైనున్నవాళ్లకు మాత్రం సముద్రం చప్పుడే. అటు నుంచి గాలి, ఇటు నుంచి మేస్త్రీ తిట్లు.

మేస్త్రీ వహీద్‌ది కడప. ఆయనకు ఒక రూలుంది: "ఎక్కేటోడు ఖాళీ చేతుల్తో ఎక్కగూడదు, దిగేటోడు ఖాళీ చేతుల్తో దిగగూడదు." పైకి పోయేవాడు బ్లాకో సంచో తీసుకుపోవాలి, వచ్చేవాడు ఖాళీ బక్కెట్టో మట్టో తేవాలి. ఈ మాట అరిచి అరిచి మనుషుల ఒంటికి పట్టించాడు. చివరికి కక్కూసుకు పోయేటప్పుడు కూడా కొందరి చెయ్యి ఏదో ఒకటి వెతికేది.

ఆ వహీదే గురువారం సాయంత్రం క్యాంపులో నిలబడి చెప్పాడు.

"రేపు నమాజ్ అయినాంక బస్సొస్తాది. అందరూ తెల్ల చొక్కాలేసుకోండబ్బా. కొండెక్కాల."

"ఏం పని మేస్త్రీ?" అన్నాడు పెద్దులు.

"పనేం ల్యా. ఉత్తగా ఎక్కడమే."

"ఉత్తగనా? గట్లెవలన్న ఎక్కుతరా?"

"దొరలు ఎక్కుతారు. సంతోషంగా ఎక్కల్ల, సముద్రం దిక్కు చూసి నవ్వల్ల. ఫొటో తీసి క్యాలెండర్‌లో ఏస్తారంట. మునిమాపుకి దిగొచ్చు."

పెద్దులు మొహం మాడిపోయింది. రేపు గంజు వంతు ఆరో రూముది.

గంజు సంగతి తెలియనివాళ్లకు ఈ దెబ్బ అర్థం కాదు. క్యాంపు మొత్తానికి పెద్ద వంట గంజు ఒక్కటే. రూమంతటికీ సరిపడా మటన్ ఉడకాలంటే అందులోనే ఉడకాలి. అందుకని రూములు శుక్రవారాలు పంచుకున్నాయి. నమాజ్ తర్వాత గంజు చేతికొస్తుంది, చీకటి పడేలోపు కడిగి ఇచ్చేయాలి. వంతు పోతే మళ్లీ క్యాంపంతా తిరిగి రావాలి. పైగా ఈసారి పెద్దులు దగ్గర రాములవ్వ మసాలా ఉంది. భార్య రాములవ్వ ధనియాలు వేయించి, ఎండు కొబ్బరి, లవంగాలు వేసి రోట్లో దంచి, సెలవు నుంచి తిరిగొస్తున్న మనిషి చేతిలో పెట్టి పంపింది. ఈ వంతు కోసమే పెద్దులు దాన్ని పెట్టెలో బట్టల కింద దాచాడు. రోజూ ముడి విప్పి ఒకసారి వాసన చూసి మళ్లీ కట్టేవాడు. సలాలా చెమ్మకు పొడి అంచులు అప్పుడే గడ్డకడుతున్నాయి. ఇంకో వంతు దాకా అది ఆగదు.

వచ్చే శుక్రవారం వంతున్న మూడో రూముకు పోయి, మార్చుకుందామని బతిమాలాడు. వాళ్లు పేకముక్కల మీద నుంచి తలెత్తలేదు.

"రూల్ రూలే పెద్దులన్నా. గియ్యాల నీకు మారిస్తే రేపు అందరు మార్చుమంటరు."

తిరిగొచ్చి మంచం మీద కూలబడ్డాడు. పక్క మంచం అజ్మత్‌ది. హైదరాబాద్ చంద్రాయణగుట్ట మనిషి, క్రేన్ హెల్పర్, దేనికీ దిగులు పడే రకం కాదు.

"పరేషాన్ ఎందుకయితవ్ భాయ్," అన్నాడు అజ్మత్. "గంజు ఇక్కడ్నే వండాలె అని రూల్ ఉందా?"

"లేదు."

"అయితే కొండ మీద వండుదాం. చూస్కుంట నవ్వాలె అన్నరు గదా. మటన్ చూస్కుంట నవ్వుదాం."

పెద్దులు మసాలా ముడి మరోసారి బిగించాడు.

శుక్రవారం బస్సు దిగేసరికి కొండ నడుము దాకా మంచు. పెద్దులు నెత్తిన గంజు, అజ్మత్ భుజాన గ్యాస్ సిలిండర్, ఒకడి చేతిలో మటన్ బక్కెట్టు, ఇంకొకడి చంకలో ప్లేట్లు. మిగతావాళ్లకు ఏ బరువూ లేదు. హాయిగా చేతులూపుకుంటూ ఎక్కొచ్చు. కానీ మెట్ల మొదట్లో ఎప్పటిలాగే సిమెంటు బ్లాకుల దొంతర ఉంది. ముందున్నవాడు మాట్లాడుతూ మాట్లాడుతూ ఒకటి భుజానికెత్తుకున్నాడు. వెనకవాడూ ఎత్తుకున్నాడు. ఓంకార్ తాపీ, తూకం దారం జేబులోనే ఉన్నాయి, అవి లేకుండా అతను నిద్ర కూడా పోడు. వహీద్ సైతం ఒక సిమెంటు సంచి చంకనేసుకున్నాడు. పైకి చేరి దించేదాకా ఒక్కడికీ స్పృహ లేదు.

"ఇదేందిరా ఇది," అన్నాడు వహీద్, తన సంచి వైపు తనే చూసుకుంటూ. తెల్ల చొక్కాలన్నీ అప్పటికే బూడిదరంగు.

"మంచిదే మేస్త్రీ, ఎట్లన్న పనికొస్తయి," అన్నాడు పెద్దులు.

పనికొచ్చాయి. సముద్రం వైపు గాలి అగ్గిని నిలవనివ్వలేదు. అజ్మత్ చొక్కా అడ్డం పట్టాడు, ఆరిపోయింది. నలుగురు గుండ్రంగా కూర్చున్నారు, ఆరిపోయింది. అల్లం వాసన కూడా రాకముందే మటన్ చల్లబడి చూస్తోంది. అప్పుడు ఓంకార్ లేచి బెంచీ ముందు రెండు బ్లాకులు పెట్టాడు. మంట నిలిచింది. ఇంకో వరస పెట్టాడు, ఇంకా బాగా నిలిచింది. అంతటితో ఆపితే ఈ కథ లేదు. కానీ సుతారి ముందు వంకర వరస ఉంటే వాడు ఊరుకుంటాడా? దారం తీశాడు. వహీద్ సంచి కోశారు, తుంపర నీళ్లతో మాలు కలిపారు. ఎత్తు మనిషిని దాటింది. పక్కలకు చిన్న మలుపులు కూడా తిప్పాడు. గోడ అద్దంలా లేచింది. ఆ పక్క ఏముందో ఎవరికీ గుర్తు లేదు. ఇన్నాళ్లుగా అటు ఉన్నది గాలి మాత్రమే.

గంజులో ఎసరు మరుగుతోంది. పెద్దులు ముడి విప్పి మసాలా వేశాడు. ఆ వాసనకు అందరూ గంజు చుట్టూ చేరారు.

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడు. మేనేజర్ దొర, చేతిలో కర్ర, మెడలో బైనాక్యులర్. వెనక హోటల్ దొర, ఒక దొరసాని, మెడలో కెమెరా వేసుకున్న ఫొటోగ్రాఫర్. అందరూ పెద్ద హిమాలయం ఎక్కినట్టు ఆయాసపడుతున్నారు. సరిగ్గా వాళ్లు బెంచీ చేరిన ఘడియకే, వానాకాలమంతా కప్పుకున్న గొంగడిని కొండ తీసి పక్కన పడేసింది. ఎండ వచ్చింది. దొరసాని బెంచీ మీద కూర్చుని చూసింది. ఎదురుగా కొత్త గోడ.

"సముద్రమేది?" అన్నాడు హోటల్ దొర.

"గోడ ఎనకాల్నే ఉంది సాబ్, యాడికీ పోల్యా," అని వహీద్ నచ్చజెప్పాడు.

మేనేజర్ మొహం టమాటాలా అయింది. కర్రతో గోడను చూపించి, ఇప్పుడే కూల్చమన్నాడు.

"తడి మీదుంది," అన్నాడు ఓంకార్. "ముట్టుకుంటే నా పేరు పోతది."

పెద్దులు లేచి గరిటెతో సహా గోడకు వీపానించి నిలబడ్డాడు. "కూర దిగినంకనే గోడ. గాలి కొడితే ముక్క ఉడకది. మేస్త్రీ, చెప్పు ఆయనకు."

వహీద్ చెప్పాడు. ఏం చెప్పాడో గానీ దొరసాని మూత ఎత్తి లోపలికి తొంగి చూసింది. ఇక సముద్రం మాట ఎవరూ ఎత్తలేదు.

ఇక్కడ పెద్దులు తను తవ్వుకున్న గోతిలో తనే పడ్డాడు. అతిథి ఉండగా ముందు తినడం అతని ఒంట్లో లేదు. ప్లేట్లు నింపాడు. అయిపోగానే గరిటె పట్టుకుని "ఇంకింత" అన్నాడు. మన దగ్గర అతిథి చెయ్యి అడ్డం పెడతాడు. వడ్డించేవాడు బలవంతం చేస్తాడు. ఒక ముక్కతో ఇద్దరి గౌరవమూ దక్కుతుంది. ఈ దొరలకు చెయ్యి అడ్డం పెట్టడం ఎవరూ నేర్పలేదు. "ఓకే" అన్నారు. పెద్దులు వేశాడు. మర్యాదకి మళ్లీ "ఇంకింత" అన్నాడు. మళ్లీ "ఓకే."

"అన్నా, అడగకే," అని ఓంకార్ గొణిగాడు.

"అడగకుంటె ఎట్లరా, ఇంటికొచ్చినోళ్లు."

"ఇది ఇల్లు గాదే, గుట్ట."

గరిటె అడుగుకు తగిలి ఠంగుమంది. ఆరో రూముకు మిగిలింది గంజు అంచున అంటిన మసాలా. పెద్దులు వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. రాములవ్వ చేతిదే. అంతే, అయిపోయింది.

పొద్దు వాలుతుంటే దిగడం మొదలెట్టారు. "దిగేటోడు ఖాళీ చేతుల్తో దిగగూడదు," అని వహీద్ అలవాటుగా అరిచాడు. అరిచాక నాలుక కరుచుకున్నాడు గానీ అప్పటికే ఇంగ్లీషులోనూ అరిచేశాడు. తిన్న మొహమాటానికో ఏమో, దొరసాని గరిటె తీసుకుంది, హోటల్ దొర బక్కెట్టు పట్టుకున్నాడు. మేనేజర్‌కు గంజు తప్ప ఏమీ మిగల్లేదు. రెండు చేతులా పట్టుకుంటే మెట్లు కనబడటం లేదని, చివరికి నెత్తిన పెట్టుకున్నాడు. ఫొటోగ్రాఫర్ ఆ రోజు తీసిన మంచి ఫొటో అదొక్కటే. కొత్త ఏడాది క్యాలెండర్‌లో జనవరి నెల మీదకు ఎక్కబోయేది ఆ గంజేనట.

కింద బస్సు దగ్గర మేనేజర్ గంజు దించి, నడుము పట్టుకుని, ఎంతో మెచ్చుకుంటూ చెప్పాడు: వచ్చే శుక్రవారం అందరూ మళ్లీ రండి, గోడ కూల్చుదాం, కూర కూడా వండుకుందాం.

పెద్దులు ముందుకొచ్చాడు. ఉన్నదంతా చెప్పాడు. శుక్రారం మాదని, వంతు పోయిందని, మసాలా మళ్లీ రాదని, కొండ ఎక్కుడు మాకు సరదా గాదని, మీకు సరదా అయితే సిమెంటు సంచితో ఎక్కి చూడుమని. గుక్క తిప్పుకోలేదు.

మేనేజర్ వహీద్ వైపు చూశాడు. ఏమంటున్నాడని అడిగాడు.

"థాంక్యూ అంటాండాడు సార్," అన్నాడు వహీద్.

అందుకే ఇక్కడ తెలుగులోనే, థాంక్యూ లేకుండా చెబుతున్నాను. గోడను డ్యూటీ దినాన, డ్యూటీ టైములో కూల్చండి. కూల్చే ముందు ఓంకార్‌ను అడగండి, పనితనం చూసి మెచ్చుకోండి. తిన్నవాళ్లంతా వచ్చే శుక్రవారం మటన్ పట్టుకుని ఆరో రూముకు రండి. మూడో రూమ్ ఆ పూట గంజును నోరెత్తకుండా ఇవ్వాలి. మసాలా రాములవ్వ దగ్గర్నుంచి మీరే తెప్పించాలి. ఎట్లా తెప్పిస్తారో మాకు తెలియదు. వంట కొండ కిందనే, చదును నేల మీదనే జరగాలి. పెద్దులు "ఇంకింత" అన్నప్పుడు మీరందరూ ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టాలి.