పద్నాలుగో నంబరు

జమ్రూద్ గడప దగ్గర కూర్చుని కార్డుల వెనక ముద్ర వేస్తోంది. సిరా దిండు ఆరిపోయి ఉంటే రెండు చుక్కలు నీళ్ళు చిలకరించి, రబ్బరు ముద్రను గట్టిగా ఒత్తి తీసింది. ఊదారంగులో 14 అని పడింది. ఒకదాని మీద సిరా అలుక్కుపోతే దాన్ని పక్కన పెట్టింది. నంబరు సరిగ్గా కనబడకపోతే ఆ కార్డు ఎవరిదో అంగడివాళ్ళకు తెలియదు.

కార్డు ముందువైపు ధర్మవరంలోని పట్టుచీరల అంగడి పేరు, నెమలి బొమ్మ, ఫోను నంబరు ఉంటాయి. వెనకవైపున్న 14 జమ్రూద్‌ది. ఆ కార్డు చేతపట్టుకుని ఎవరు వెళ్ళి చీర కొన్నా నూటికి మూడు రూపాయలు ఆమెకు వస్తాయి. కార్డు ఇంట్లో మరిచిపోయి వెళితే ఏమీ రాదు.

లోపల మంచం మీద ఫకీర్ సాబ్ ఒళ్ళో దిండు పెట్టుకుని, దాని మీద మోచేతులు ఆనించి ముందుకు వంగి కూర్చున్నాడు. రాత్రంతా అలాగే ఉన్నాడు. ఊపిరి వదిలినప్పుడల్లా చివర సన్నగా ఈల వినిపిస్తోంది. ధర్మవరంలో ఇరవై ఏళ్ళు పట్టునూలుకు రంగులద్దాడు. మరుగుతున్న కాగుల మీదకు వంగి, చిలపలుగా చుట్టిన నూలును కర్రతో తిప్పుతూ ఆ ఆవిరంతా పీల్చాడు. పని మానేశాక ఏడాదికి గోళ్ళకున్న రంగు పోయింది. ఛాతీలోకి పోయింది మాత్రం పోలేదు.

"ఈ పొద్దు... పోకుంటే కాదా?" అన్నాడు, మాటకూ మాటకూ మధ్య గాలి తీసుకుంటూ.

జమ్రూద్ ముద్రను ఎత్తిన చేయి ఎత్తినట్టే ఉంచి అతని వైపు చూసింది. ఆమె ఈ పని మొదలుపెట్టిన ఎనిమిదేళ్ళలో అతను ఇలా అడగడం రెండోసారో మూడోసారో.

"పరిగోళ్ళకు మాటిచ్చినాను గదా. టేసన్లో కాచుకోనుంటారు. సాయంత్రం బండికి వచ్చేస్తా."

అతను తల ఊపాడు. ఆమె లేచి బురఖా తొడుక్కుని, కూతురికి ఒక కార్డు ఇచ్చింది.

"అర్షియా, పదికి నాయనకు మాత్ర ఇయ్యి. మరీ ఆయాసమైతే ఎదురింటి శారదమ్మోళ్ళ ఫోన్లో అంగడికి చెయ్యి. నంబరు దీని మీదుండాది."

వీధి చివర తిరిగేదాకా ఆ ఈల చెవుల్లో ఉన్నట్టే అనిపించింది.

అది రెండువేల మూడు, వేసవి ముహూర్తాల కాలం. ఇంకో రెండు వారాలు గడిస్తే మూఢం. ఆ తర్వాత మూడు నెలలు కార్డు తీసుకునేవాళ్ళే ఉండరు.

ఫకీర్ సాబ్ పని చేయలేని స్థితికి వచ్చాక వాళ్ళు ధర్మవరం వదిలి జమ్రూద్ పుట్టిల్లైన హిందూపురం చేరారు. అతని దగ్గర నూలుకు రంగు వేయించుకునే వీరభద్రయ్య జాలిపడి ఆమెకు ఒక కట్ట కార్డులిచ్చాడు. బస్టాండులో కూర్చుని పంచితే చాలన్నాడు. ఆమె పంచింది. జనం తీసుకుని నాలుగడుగులు వేసి పారేసేవాళ్ళు. బస్సులు వెళ్ళిపోయాక వాటిని ఏరుకుని, కొంగుతో దుమ్ము తుడిచి మళ్ళీ పంచేది. ఆ ఏడాదంతా కలిసి ఆమె కార్డు మీద అమ్ముడైనవి నాలుగు చీరలు.

వీరభద్రయ్య కొడుకు రాఘవేంద్ర అంగడిలో కూర్చున్నాక కార్డులకు నంబర్లు వచ్చాయి. "కార్డు ఎవరైనా పంచుతారక్కా. ఇచ్చి కూర్చుంటే రాదు. పెండ్లి యాడుందో ఆడికి నువ్వే పోవాల," అన్నాడు. ఆ మాట అతను అందరికీ చెప్పాడు. జమ్రూద్ పట్టుకుంది.

మొదట పెళ్ళిపత్రికలు అచ్చువేసే ప్రెస్సుకు పోయింది. అక్కడ అక్షరాలు కూర్చే మారెప్పను అడిగి పేర్లు రాయించుకుని ఆ ఇళ్ళకు తిరిగింది. ఎవరింటికి పోయినా చీరలు అప్పటికే కొని బీరువాలో పెట్టుకుని ఉండేవాళ్ళు. రెండు నెలలు కాళ్ళరిగేలా తిరిగాక ఆమెకు అర్థమైంది. మొదట కల్యాణమండపం, తర్వాత చీరలు, ఆ తర్వాతే పత్రికలు. మండపం ఊడ్చే వెంకటమ్మతో స్నేహం చేసింది. పొద్దున ఎవరైనా అడ్వాన్సు కట్టిపోతే సాయంత్రానికి ఆ కబురు జమ్రూద్‌కు చేరేది. మర్నాడు అంచుముక్కల మూట చంకన పెట్టుకుని ఆమె ఆ ఇంటి ముందు నిలబడేది. చీర కొనమని అడిగేది కాదు. పెళ్ళికూతురు ఏ రంగు ఉంటుందని అడిగేది. వాళ్ళు లోపలికి రమ్మనేవాళ్ళు.

ఇప్పుడు సీజనుకు నలభై, యాభై చీరలు ఆమె నంబరు మీద పోతున్నాయి. ఫకీర్ సాబ్ మందులు, అర్షియా ఇంటర్ ఫీజు, ఇంటి బాడుగ, అన్నీ వాటిమీదే. ఎంత తిరిగితే అంత. తిరగని రోజున ఏమీ లేదు.

స్టేషన్లో పరిగి అంజనమ్మ, ఆమె అత్త బాలమ్మ బెంచీ మీద కూర్చుని ఉన్నారు. అంజనమ్మ కొడుక్కి పెళ్ళి. కోడలికి ముహూర్తం చీర, వియ్యపురాళ్ళకు పెట్టుబడి చీరలు కొనాలి. బాలమ్మకు డెబ్బై దాటాయి. ఎవరు చెప్పినా వినదు, తానే వచ్చింది.

"నువ్వు రావేమో అనుకుంటిమి," అంది బాలమ్మ.

"మాటిచ్చినాక రాకుండా ఉంటానామ్మా."

బండి కదిలాక వాళ్ళను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, జమ్రూద్ ఆడవాళ్ళ పెట్టె ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకసారి తిరిగింది. ఎవరి మెడలో పసుపుతాడు ఇంకా కొత్తగా ఉందో, ఎవరి ఒళ్ళో గాజుల డబ్బా ఉందో ఆమె కళ్ళు చూసుకుంటూ పోతాయి. పదకొండు కార్డులిచ్చి వచ్చి కూర్చుంది. పెనుకొండలో బండి ఆగగానే తలుపు దగ్గరికి వెళ్ళింది. దోసకాయలు అమ్మే యల్లక్క గంప దించి కిటికీ కిందికి వచ్చింది. ఆమెకు ఏడాదికొక రవికె గుడ్డ ఇస్తుంది జమ్రూద్. అందుకు దోసకాయలతో పాటు కార్డులూ ఇస్తుంది యల్లక్క.

"ఏమక్కా, బావ ఎట్లుండాడు?"

"అట్లే ఉండాడు," అంది జమ్రూద్, పది కార్డులు ఆమె చేతిలో పెడుతూ.

అంగడిలో తెల్లటి పరుపుల మీద చీరలు కుప్పలు పడసాగాయి. రాఘవేంద్ర గల్లాపెట్టె దగ్గర, ఫోను పక్కన కూర్చుని, పనివాళ్ళకు కళ్ళతోనే ఏ చీర తీయాలో చెబుతున్నాడు. మూడోదో నాలుగోదో ఎర్రంచు పసుపుచీర అంజనమ్మకు నచ్చింది. ఒంటి మీద వేసుకుని అద్దంలో చూసుకుంది. జమ్రూద్ కొంగు తిరగేసి రెండు వేళ్ళ మధ్య నలిపింది. పట్టు నలిపితే వేళ్ళ కింద మెల్లగా కరకరమంటుంది. ఇది అనలేదు. జారిపోయింది. ఇందులో సగం నూలు పట్టే కాదు.

"ఇది పెండ్లికి వద్దులేప్పా. పై అరలో మగ్గం చీరలుండాయి గదా, అవి తీయించు," అంది.

రాఘవేంద్ర ఒక్క క్షణం ఆమెను చూసి, పనివాడికి పై అర చూపించాడు. పద్నాలుగో నంబరుకు ఈ అలవాటు ఉందని అతనికి తెలుసు. ఆమె తెచ్చినవాళ్ళు మళ్ళీ వస్తారనీ తెలుసు. అందుకే ఊరుకుంటాడు. అలా మగ్గం చీరలు కిందికి దిగాయి. బేరం మళ్ళీ మొదటికొచ్చింది.

పన్నెండు దాటిన కాసేపటికి ఫోను మోగింది. రాఘవేంద్ర విన్నాడు. ఒకసారి తలెత్తి జమ్రూద్ వైపు చూశాడు. ఆమె చీర మడతను బాలమ్మ ఒళ్ళో పరిచి జరీ చూపిస్తోంది. "సరే, చెప్తా," అని పెట్టేశాడు.

బాలమ్మ ప్రతి చీరనూ కంటికి దగ్గరగా పట్టుకుని చూసింది. రంగు పోతుందా అని అడిగింది. జమ్రూద్ మంచినీళ్ళ గ్లాసులో గుడ్డ ముంచి కొంగు చివర రుద్ది చూపించింది. "మా ఆయన ఇరవై ఏండ్లు ఇదే పని చేసినాడమ్మా. ఏ రంగు నిలుస్తాదో నాకు తెలుసు," అంది. అంజనమ్మ పండిన మామిడిలాంటి మాంబళం రంగు చీరకు వచ్చి ఆగింది. తర్వాత వియ్యపురాలి చీర, ఆడబిడ్డల చీరలు.

ఒంటిగంటన్నరకు ఫోను మళ్ళీ మోగింది. ఈసారి రాఘవేంద్ర గోడ వైపు తిరిగి మాట్లాడాడు. చాలాసేపు విన్నాడు. "బయల్దేరిందమ్మా. ఆ... బయల్దేరింది," అన్నాడు. ఏదో పార్సెల్ గురించి అనుకుంది జమ్రూద్.

మూడు గంటలకు బిల్లు రాశారు. మొత్తం పదకొండు చీరలు. ఆమె ఎనిమిదేళ్ళలో ఒక్క ఇంటివాళ్ళు ఇన్ని కొనడం ఇదే మొదలు. బాలమ్మ ఆమె చేయి పట్టుకుని, "పెండ్లికి రావాల నువ్వు. మీ ఆయనను తోడుకోని రా," అంది. పనివాడు మూటలు మోసుకుని వాళ్ళను ఆటో ఎక్కించడానికి వెళ్ళాడు. వాళ్ళు ఊళ్ళోనే బంధువుల ఇంట్లో భోంచేసి మరుసటి పొద్దున పోతారు.

జమ్రూద్ మెట్ల మీద చెప్పులు వేసుకుంటుంటే రాఘవేంద్ర వెనక వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఆమె కమిషను కవరు ఉంది.

"అక్కా, ఇంటికాడి నుంచి ఫోనొచ్చింది."

"ఎప్పుడప్పా?"

"పన్నెండప్పుడు. సీరియస్సుగా ఉండాదని."

ఆమె తలెత్తి లోపలి గడియారం చూసింది. మూడూ పది.

"మళ్ళీ చేసినారా?"

అతను తల తిప్పి వీధిలో పోతున్న సైకిలును చూశాడు. మెట్టు మీద ఒక చెప్పు వేసుకుని, ఒక కాలు ఉత్తదిగా నిలబడింది.

"బేరం మధ్యలో చెప్తే నువ్వు లేస్తావు. నువ్వు లేస్తే వాళ్ళూ లేస్తారు," అన్నాడు అతను మెల్లగా. "పదకొండు చీరలక్కా. రేపు నీకు ఖర్చుంటాది గదా. నీ మంచికే అనుకున్నా."

"ఒక్క మాట చెప్పింటే..." అని ఆగిపోయింది. చెప్పి ఉంటే ఏం చేసేదో ఆమెకే తెలియలేదు. అతను కవరు చాచాడు. ఆమె చేయి దానంతటదే ముందుకు వెళ్ళి తీసుకుంది. తీసుకున్నాక తన చేతిని తానే చూసుకుంది.

రైలు అయిదింటికి గానీ లేదు. బస్సెక్కింది. కిటికీ పక్కన సీటు దొరికింది. ఎండ మొహం మీద పడుతున్నా ముసుగు దించుకోలేదు. అతను పొద్దున అడిగిన మాట ఒక్కటే గుర్తొస్తోంది. వద్దు అనలేదు అతను. పోకుంటే కాదా అన్నాడు, అంతే. కాదు అని ఆమె అనుకుంది. ఇప్పుడు ఆలోచించినా కాదనే అనిపిస్తోంది. అదే ఆమెకు భరించరానిదిగా ఉంది.

పెనుకొండ దగ్గర బస్సు గుంతలో పడి ఎగిరింది. ఒళ్ళోని మూట ఊడి అంచుముక్కలు కింద పడ్డాయి. పక్క సీటు ఆమె వంగి ఏరి ఇస్తూ ఒకదాన్ని చేతిలోనే ఉంచుకుంది.

"బాగుండాదే ఇది. యాడిదక్కా? మా తమ్ముని పెండ్లి ఉండాది, మేమూ చూస్తాండాము."

జమ్రూద్ ఆమె మొహం చూసింది. తర్వాత సంచిలో చేయి పెట్టి కార్డు తీసింది.

"ధర్మవరంలో," అంది. తన గొంతు ఎవరిదో వింటున్నట్టు వింది. "పొయ్యేటప్పుడు కార్డు మర్చిపోవద్దమ్మా. వెనక నంబరుండాది, అది చూపీ."

"పెండ్లికూతురు చామనచాయ," అంది ఆ మనిషి.

"అయితే ఆకుపచ్చ చూడు. పొట్టి అంచు తీసుకోవద్దు."

ఆ తర్వాత కిటికీ ఊచ మీద నుదురు ఆనించి హిందూపురం వచ్చేదాకా అలాగే ఉంది.

ఆరు కావస్తుండగా వీధిలోకి తిరిగింది. వీధిలో మగవాళ్ళెవరూ లేరు. అరుగుల మీద ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. ఎదురింటి శారదమ్మ ఎదురొచ్చి భుజం పట్టుకుంది. అర్షియా గడపలో కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఆగిపోయిన మొహం.

"నాయన ఏడమ్మా?" అంది జమ్రూద్, తెలిసి కూడా.

"అయిదింటి దాకా చూసినారమ్మా. అంగడాయన బయల్దేరింది అన్నాడు గదా. వస్తావు వస్తావని అసర్ నమాజు అయినాక కూడా చూసినారు. ఎండకు... ఇంక ఉంచకూడదన్నారు. ఇప్పుడే ఎత్తుకోని పోయినారు."

"ప్రాణం ఎన్నింటికి పోయింది?"

"ఒంటిగంటకు. మాత్ర మింగలేకపోయినాడు."

జమ్రూద్ గోడ పట్టుకుని కూర్చుంది. "నన్ను అడిగినాడా?"

అర్షియా తల అడ్డంగా ఊపబోయి ఆగింది. "బండి ఎన్నింటికి అని అడిగినాడు. సాయంత్రం అని చెప్తి. సరే అన్నాడు."

ఆడవాళ్ళు ఒకరొకరుగా లోపలికి వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఖబరస్తాన్‌కు పోయిన మగవాళ్ళు మగ్రిబ్ నమాజు చదువుకుని, చీకటి పడ్డాక గానీ రారు. ఆడవాళ్ళు అక్కడికి పోరు కాబట్టి ఆమె వెళ్ళి చూడగలిగేది లేదు. శారదమ్మ నీళ్ళు తెచ్చి తాగమంటే తాగింది. మొహం కడుక్కోమంటే లేచి వెనక పెరట్లోకి వెళ్ళింది.

పెరట్లో నేల ఇంకా తడిగా ఉంది. అతనికి స్నానం చేయించిన బల్లను కడిగి గోడకు ఆనించారు. అడుగున నీళ్ళు ఒక్కో చుక్కే కారుతున్నాయి. గాలిలో కర్పూరం వాసన. ఒంటి మీద నుంచి తీసిన చొక్కాను ఎవరో పిండి దండెం మీద ఆరేశారు. నీలిగీతల చొక్కా, చేతులు రెండూ కిందికి వేలాడుతున్నాయి. రెండో గుండీ ఊడిన చోట, కుట్టే తీరిక లేక ఆమె పోయిన శుక్రవారం పెట్టిన పిన్నీసు, ఊడకుండా అలాగే ఉంది.