మామయ్య చేతికి తట్టుకునే డబ్బా

మైకు డబ్బా రెండోసారి మాడిపోయిన రోజు నుంచి మామగారు నోరు విప్పలేదు. ఆ ఆదివారానికి పదకొండు రోజులు.

ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. ముందు తలుపు దగ్గర ఆయన కేకేస్తే వెనక సీట్లో కునికేవాళ్ళు ఉలిక్కిపడి తమది కాని స్టాపులో దిగిపోయేవాళ్ళట. కిందటేడు గొంతుకు ఆపరేషనయ్యాక ఒట్టి గుసగుస మిగిలింది. "ఆ కాస్త గొంతునూ రోజూ వాడుతూ ఉండాలి. వాడకపోతే అదీ పోతుంది" అని డాక్టరమ్మ మరీ మరీ చెప్పి పంపింది.

అందుకే కోడలు ఆ డబ్బా తయారుచేసింది. రేడియోలు, మిక్సీలు బాగుచేసే షాపులో ఆమె పని. రేకు డబ్బాలో చిన్న యాంప్లిఫయరు, ముందువైపు స్పీకరు, పక్కన మైకు పిన్ను గుచ్చే కంత. గుసగుస అందులోంచి మాటై వచ్చేది. మామగారికీ అత్తగారికీ మళ్ళీ పోట్లాటలు మొదలై ఇంట్లో అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి.

చిక్కంతా మామగారి పాత రేడియోతో వచ్చింది. దాని స్పీకరు చిరిగిపోయింది. స్పీకరుకు వెళ్ళే వైరు చివర మైకు పిన్నులాంటి పిన్నే ఉంది. ఓ ఉదయం వార్తల వేళకు ఆయన మైకు పీకి, ఆ పిన్ను తెచ్చి డబ్బాకు గుచ్చారు. మైకు ఇచ్చే కరెంటు చీమంత, రేడియో తోసింది ఏనుగంత. లోపల గొంతును పెంచే చిప్పు, ఐసీ, అక్కడికక్కడే చచ్చింది. కోడలు కొత్తది వేసి, ఇలా చెయ్యొద్దని చెప్పింది. మూడు వారాలకు మళ్ళీ అదే చెయ్యి, అదే పిన్ను, అదే మాడు వాసన.

ఈసారి ఆయన పలక తెచ్చుకున్నారు. "నాకొద్దు. నా చెయ్యి పడితే మాడుతుంది" అని రాసి మంచం మీద పెట్టి గోడవైపు తిరిగి పడుకున్నారు.

"ముట్టుకోవద్దని కాగితం అంటించెయ్" అన్నాడు కోడలి భర్త.

"డబ్బా ఆయనదే కదండీ, ఆయన్నే ముట్టుకోవద్దంటే ఎలా?"

"పోనీ పిన్ను మార్చు. రేడియోది పట్టకుండా."

"టికెట్ల మిషన్ను రబ్బరు బ్యాండ్లు చుట్టి పదేళ్ళు లాగించిన మనిషి. దానికీ ఏదో అతుకేసి గుచ్చుతారు."

"అయితే చేతులు కట్టేసి కూర్చోబెడదాం" అంది అత్తగారు ఉల్లిపాయలు తరుగుతూ.

"ఆయన చేతుల్ని నేను మార్చలేను అత్తయ్యా. డబ్బానే మారుస్తాను."

ఆదివారం పొద్దున్నే కొత్త ఐసీ వేసి, కంత దగ్గర బియ్యపు గింజంత గాజు డయోడ్లు రెండు అతికింది. వచ్చేది హద్దు దాటితే ఐసీ దాకా పోనీకుండా దాన్ని పక్కకు మళ్ళించడం వాటి పని. తనే రేడియో తెచ్చి గుచ్చింది. టప్‌మని చిన్న చప్పుడు. తర్వాత మైకు పెట్టి చూస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"మూడోది కూడా పోయిందా?" అత్తగారు తొంగిచూసింది. "ఇంటిల్లిపాదీ సైగలు నేర్చుకోవడం తేలికేమోనే."

"ఐసీ బాగానే ఉంది. కాపలాకు పెట్టిన డయోడ్లే మాడి, మైకులోంచి వచ్చేదాన్ని కూడా పక్కకు మళ్ళించేస్తున్నాయి. వాష్‌బేసిన్ అంచు కింద చిన్న కంత ఉంటుంది చూడండి, పొంగే నీళ్ళు అందులోంచి పోతాయి. నేను ఆ కంతైతే పెట్టాను గానీ కుళాయి బార్లా తెరిచి వదిలేశాను. అదెంతని మింగుతుంది?"

"అయితే ముందు కుళాయి కట్టు."

"అదే చేస్తున్నా."

డయోడ్లు మార్చి, వాటికి ముందు ఒక రెసిస్టరు వేసింది. ఎంత ఉరవడిగా వచ్చినా అక్కడ తగ్గి సన్నటి ధారగా లోపలికి రావాలి. రేడియో చిన్నగా పెట్టి గుచ్చింది, పెద్దగా పెట్టి గుచ్చింది, డబ్బా ఆపేసి కూడా గుచ్చింది. ప్రతిసారీ మైకు పెట్టి తను మాట్లాడి చూసుకుంది. పన్నెండుసార్లు. ఒక్కసారీ దెబ్బ తినలేదు.

"ఇంక చాల్లే. బాగైందని ఆయనకు చెప్పు" అంది అత్తగారు.

"నేను చెబితే నమ్మరు. ఆయనే చూసుకోవాలి."

డబ్బానూ రేడియోనూ మోసుకెళ్ళి మామగారి మంచం మీద పెట్టింది. "లేవండి మామయ్యా. దీన్ని పాడుచెయ్యాలి."

ఆయన ఇటు తిరిగారు. పలక అందుకుని "వెళ్ళమ్మా" అని రాశారు.

"వెళ్ళను. ఈ పిన్ను గుచ్చండి. రేడియో ఎంత సౌండు పెడతారో మీ ఇష్టం."

తల అడ్డంగా ఊపి చేతులు రెండూ చంకల్లో దాచుకున్నారు. కోడలు పిన్నుతో చాచిన చెయ్యి దించలేదు. ఆమె భుజం లాగుతోంది. దించలేదు.

"తాగి బస్సెక్కినవాళ్ళను మెడపట్టి దించిన మనిషి, రేకు డబ్బాకు జడుస్తున్నారు చూడు" అంది అత్తగారు గుమ్మంలోంచి.

ఆయన విసురుగా పిన్ను లాక్కుని గుచ్చారు. గిన్నెలో కంకర పోసి ఊపినట్టు వార్తలు గరగరలాడాయి. కంగారుగా పీకేశారు. కోడలు మైకు పిన్ను పెట్టి మైకు ఆయన నోటి దగ్గర పట్టుకుంది. ముందు ఊపిరి వినిపించింది. తర్వాత, మడతలుపడ్డ కాగితంలాంటి గొంతు.

"ఉందా?"

"ఉంది మామయ్యా."

ఆయన ఆమె ముఖంలోకి చూశారు. ఎవరూ చెప్పకుండానే మైకు పీకి, రేడియో మీట చివరిదాకా తిప్పి మళ్ళీ గుచ్చారు. మళ్ళీ మైకు. "ఉంది" అన్నారు. ఇంకోసారి. "ఉందే!" లేచి కాళ్ళు కింద పెట్టుకుని కూర్చున్నారు.

"ఇంకేం గుచ్చి చూద్దామమ్మాయ్?"

"నా మిక్సీ జోలికి మాత్రం రాకండి!" అత్తగారు గభాలున అంది.

"నీ నోటికన్నా నీ మిక్సీ నయమే. దానికి స్విచ్చుంది."

స్పీకరు ఆ మాటను వీధి దాకా మోసింది. అత్తగారు కొంగు దోపుకుని లోపలికొచ్చి మంచం ఎదురుగా కుర్చీ లాక్కుంది. ఆయన మైకు గట్టిగా పట్టుకున్నారు. కోడలు మూత అందుకుని డబ్బాకు మరలు బిగించడం మొదలుపెట్టింది.