లింగమూర్తి రుచి చెప్పిన చుట్టలు

కొందరు రామకోటి రాస్తారు. భీమేశ్వరరావు సిగార్ల మీద రాసేవాడు. నల్ల అట్ట పుస్తకం, పేజీకి ఒక సిగార్. ఏ దేశపు ఆకు, ఎంతసేపు కాలింది, నుసి రాలకుండా ఎంత పొడవు నిలిచింది, పొగలో ఏం రుచి తగిలింది, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసి పెట్టుకునేవాడు. హైటెక్ సిటీలో ఓ పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో డెలివరీ మేనేజరు. పొద్దస్తమానం ఇంగ్లీషులో మెయిళ్ళు కొట్టే మనిషి, ఈ ఒక్క పుస్తకం మాత్రం తెలుగులో రాసుకునేవాడు. మియాపూర్ ఫ్లాట్‌లో ఆయన ఆటలు సాగవు. "ఏవండీ, ఆ కంపు ఆఫీసులోనే వదిలేసి రండి," అని భార్య రాజరాజేశ్వరి ఎప్పుడో తేల్చి చెప్పేసింది. అందుకని ఆయన సిగార్లన్నీ ఆఫీసు మేడ మీదే కాలాయి.

కార్ల పార్కింగు పైన ఖాళీ మేడ అది. ఒక పక్క ఏసీ యంత్రాలు రొద పెడుతుంటాయి. ఇంకో పక్క పిట్టగోడ దగ్గర నిలబడితే రాయదుర్గం వైపు పోయే మెట్రో కనిపిస్తుంది. రోజూ సాయంత్రం ఐదున్నరకి ఆయన అక్కడికి చేరేవాడు. ఆ టైముకే లింగమూర్తి కూడా వచ్చేవాడు.

లింగమూర్తి ఆ బిల్డింగులో లిఫ్టులూ జనరేటర్లూ చూసే సూపర్‌వైజరు. అంతకు ముందు బాలానగర్‌లో ముప్పై ఏళ్ళు లేత్ మిషన్ మీద పని చేసి, ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇక్కడికి వచ్చాడు. చుట్ట మనిషి. పదకొండేళ్ళ కిందట మొదటిసారి భీమేశ్వరరావు చేతిలో సిగార్ చూసి, దగ్గరికి వచ్చి తేరిపార చూశాడు.

"సార్, గిది మా చుట్టనే గద? నడుముకు పట్టీ కట్టిన్రు, గంతే."

భీమేశ్వరరావుకి ఒళ్ళు మండింది. డొమినికన్ ఆకు గురించీ, దాన్ని ఏళ్ళ తరబడి మాగబెట్టే పద్ధతి గురించీ ఓ పావుగంట ఉపన్యాసం దంచి, చివరికి పౌరుషం కొద్దీ ఒకటి తీసి ఇచ్చాడు. లింగమూర్తి ఓపిగ్గా సగం దాకా కాల్చాడు.

"ఎలా ఉందండీ?"

"జరమొచ్చినోనికి పోసే జావ లెక్కుంది సార్."

ఆ రోజు పేజీలో భీమేశ్వరరావు ఇలా రాసుకున్నాడు: "మెత్తని పొగ. వేయించిన జీడిపప్పు. చివర్లో కాస్త మీగడ." ఇంటికి వెళ్ళేలోగా ఏమనుకున్నాడో ఏమో, కింద ఇంకో వాక్యం చేర్చాడు: "లింగమూర్తి: జరం జావ."

అప్పటినుంచీ ప్రతి పేజీలోనూ కింద లింగమూర్తి మాట ఉండాల్సిందే. హోండురాస్ సిగార్‌కి ఈయన "తోలు, తడి మట్టి" అని రాస్తే, అతను "కొత్త చెప్పుల దుకాణం" అన్నాడు. తిరుచ్చి చుట్టకి "మనోడే, కొడ్తడు" అని మురిసిపోయాడు. భీమేశ్వరరావు తన సొంత కోనసీమ నుంచి లంక పొగాకు చుట్టలు తెచ్చి గొప్పగా వెలిగించి ఇస్తే, రెండు దమ్ములకే దగ్గి దగ్గి కళ్ళ నీళ్ళు పెట్టుకుని, "గిది పొగాకా, మిరపకాయనా? మీ దిక్కు మనుషులు గింత మెత్తగ మాట్లాడి గిసొంటిది ఎట్ల తాగుతరు సార్?" అన్నాడు. ఓసారి క్లయింటు ఎవరో క్యూబా సిగార్ ఒక్కటంటే ఒక్కటి బహుమతి ఇచ్చాడు. దాన్ని ఇద్దరూ చెరి సగం కాల్చారు. ఆ రోజు లింగమూర్తి కళ్ళు మూసుకుని చివరి దాకా కాల్చాడు. "మా తాత యాదికొచ్చిండు, రావు సాబ్," అన్నాడు ఆఖరికి. సార్ పోయి రావు సాబ్ అయింది ఆ రోజునే. ఆ పేజీలో భీమేశ్వరరావు తన అభిప్రాయం రాయనే లేదు.

ఆఫీసులో ఆయన కింద రెండొందల మంది పని చేస్తారు. మనసు విప్పి మాట్లాడే మనిషి మాత్రం ఆ మేడ మీదే ఉండేవాడు. కూతురు దేవిశ్రీ తనతో ఆరు నెలలు మాట్లాడలేదన్న సంగతి ఆయన రాజరాజేశ్వరి అన్నగారికి కూడా చెప్పలేదు. లింగమూర్తికి చెప్పాడు. "ఆడపిల్ల అలిగితే మంచిదే రావు సాబ్, అలుగుడు బంద్ చేస్తే ఫికర్ చెయ్యాలె," అన్నాడతను.

పోయిన వానాకాలంలో లింగమూర్తి చుట్టని కుడి పక్కకి మార్చాడు. ఎడమ దవడ లోపల మంటగా ఉంటోందన్నాడు. అప్పుడైనా ఈ మహానుభావుడు డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాడా? లేదు. సిగార్ల పండితుడు కదా, వైద్యం కూడా సిగార్‌తోనే చేశాడు. "మీ చుట్ట ఘాటెక్కువండీ, కొన్నాళ్ళు తేలిక రకం కాల్చండి," అని ఆ డొమినికన్‌నే రోజుకొకటి ఇచ్చాడు. జావ, జావ అని నవ్వుతూనే రెండు నెలలు కాల్చాడు లింగమూర్తి. "నోటి మంటకి ఇది పడింది," అని పుస్తకంలో రాసి ఉంది. భీమేశ్వరరావు ఆ పేజీ మళ్ళీ చూడలేకపోయాడు.

దసరా తర్వాత లింగమూర్తి కొడుకు రవీందర్ బలవంతాన దవాఖానకు తీసుకుపోయాడు. పుండులోంచి ముక్క తీసి పరీక్ష చేశారు, అక్కడే ఉంచేసుకున్నారు. ఆ జబ్బు పేరు లింగమూర్తి ఫోన్లో చెప్పలేదు, ఈయన అడగలేదు. "జర పెద్దదే రావు సాబ్. ఎప్పుడొస్తవు?" అన్నాడంతే.

"ఈ శనివారం తప్పకుండా వస్తానండీ."

ఆ శనివారం ప్రాజెక్టు రిలీజు. పై శనివారం ఎవరిదో గృహప్రవేశం. మూడో శనివారం నిజంగానే బయలుదేరాడు. దవాఖాన పార్కింగులో కారు ఆపాడు. దవడకి కట్టు కట్టిన మనిషొకణ్ణి చక్రాల కుర్చీలో ఎదురుగా తోసుకుంటూ పోయారు. భీమేశ్వరరావు కారు దిగలేదు. నాలుకతో తన దవడ లోపలంతా తడిమి చూసుకున్నాడు, ఒకసారి కాదు, పదిసార్లు. అరగంట అలాగే కూర్చుని కారు వెనక్కి తిప్పేశాడు. ఎలా ఉన్నారని రాజరాజేశ్వరి అడిగితే, "పడుకున్నాడు, లేపలేదు," అని అబద్ధం చెప్పాడు.

ఆ మర్నాడు లింగమూర్తే ఫోన్ చేశాడు. మాట ముద్దముద్దగా వచ్చింది. ఇంటికి పంపిస్తామని డాక్టర్లు అన్నారట. ఇంటికి పోయినంక శంకర్‌పల్లి దగ్గర అక్క వాళ్ళ ఊళ్ళో కొన్నాళ్ళు ఉంటానన్నాడు. భీమేశ్వరరావుకి ప్రాణం లేచొచ్చింది. ఇంటికి పంపడమంటే నయమైనట్టే అనుకున్నాడు. ఇక దవాఖాన మెట్లు ఎక్కక్కర్లేదు, మనిషి ఊరి నుంచి వచ్చాక మేడ మీదే చూడొచ్చు అనుకున్నాడు.

ఆ గురువారం పొద్దున్న రవీందర్ దగ్గర్నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది.

"బాపు పోయిండు సార్. పొద్దుగాల."

ఇక్కడే ఆయన తెలివి ఆయన కొంప ముంచింది. కోనసీమలో పోయాడంటే ఒకటే అర్థం. కానీ హైదరాబాదు వచ్చిన కొత్తలో ఆయన ఈ మాటతో ఒకసారి నవ్వులపాలయ్యాడు. లింగమూర్తి ఏడని అడిగితే ఎవరో "పోయిండు సార్" అన్నారు. ఈయన గుండె పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. ఐదు నిమిషాలకి లింగమూర్తి చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చాడు. బిల్డింగంతా నెల్లాళ్ళు నవ్వింది. "మీ దిక్కు పోతే మల్ల రారు. మా దిక్కు పోతే పని చూస్కొని వస్తం," అని లింగమూర్తి పాఠం చెప్పాడు. ఆ పాఠం ఈయనకు బాగా ఒంటబట్టింది. అందుకే మెసేజ్ చూసి, ఊరికి పోయాడన్నమాట అనుకుని, సంతోషంగా జవాబు కొట్టాడు:

"మంచిది రవీందర్. బాపును హాయిగా ఉండమను. ఇక్కడి ఫికర్ ఏమీ పెట్టుకోవద్దను. నేను ఎదురు చూస్తుంటానని చెప్పు. నికరాగ్వా చుట్ట ఒకటి దాచిపెట్టాను, ఆయన లేకుండా వెలిగించను."

రవీందర్ దండం బొమ్మ పెట్టాడు.

ఆ వారమూ పై వారమూ ఆయన ఇంటి నుంచే పని చేశాడు. మనసు తేలికపడింది. మళ్ళీ ఆఫీసుకి వెళ్ళిన రోజు సాయంత్రం మేడ ఎక్కబోతుంటే, జనరేటర్ గది తలుపు మీద లింగమూర్తి ఫోటో ఉంది. బంతిపూల దండ వాడిపోయింది. కింద రెండు తారీఖులు. రెండోది ఆ గురువారానిది. భీమేశ్వరరావు ఫోన్ తీసి తాను రాసిన జవాబు చదువుకున్నాడు. మెట్ల మీదే కూర్చుండిపోయాడు. కాసేపటికి లేచి కారు తీశాడు.

ప్రగతి నగర్‌లో వాళ్ళ ఇంటికి చేరేసరికి చీకటి పడింది. లింగమూర్తి భార్య కనకలక్ష్మి వరండాలో చాప మీద కూర్చుని ఉంది. ఈయన్ని చూడగానే లేవబోయి, లేవలేక, చేతులు జోడించింది. భీమేశ్వరరావు చాప అంచున కూర్చున్నాడు. దారి పొడుగునా మాటలు కూడగట్టుకుంటూ వచ్చాడు. ఆవిడే మొదలుపెట్టింది.

"మీ దయ వల్లనే పిట్ట ముట్టింది సార్."

ఆయనకు అర్థం కాలేదు. పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ మూడో రోజున విస్తట్లో పెట్టి, పిట్ట వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడతారు వాళ్ళు. ముట్టకపోతే మనిషికి ఏదో కోరిక మిగిలిందని బెంగ.

"మటన్ పెట్టినం, కల్లు పెట్టినం, చుట్ట ముట్టిచ్చి పెట్టినం. గంటన్నర నిలవడ్డం సార్, ఒక్క కాకి రాలే. అమ్మను మంచిగ చూస్కుంట అని రవీందర్ దండం పెట్టిండు. రాలే. ఆయనక్క ఏడ్చుకుంట అడిగింది, ఏం గావాల్నే తమ్మీ అని. గప్పుడు మీరు రాసింది యాదికొచ్చింది నాకు. సదువు బిడ్డా అన్న. రవీందర్ గట్టిగ సదివిండు. హాయిగ ఉండుమను, ఫికర్ చెయ్యొద్దను, ఎదురు చూస్త అని. సదువుతుండంగనే కాకి వాలింది సార్, చుట్ట పక్కపొంటి." ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "సచ్చిన మనిషికి గంత మంచి మాట ఎవరు రాస్తరు? అందరికి చెప్పిన."

గుమ్మంలో నిలబడిన రవీందర్ తల ఊపాడు. ఆ ఫోన్ అతని చేతిలోనే ఉంది.

ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఆ మంచితనం నెత్తిన పెట్టుకుని, చాయ్ తాగి వచ్చేయొచ్చు. ఆ ఆలోచన భీమేశ్వరరావుకి వచ్చింది కూడా. కానీ ఆవిడ మొహం చూస్తూ ఆ అబద్ధం మోయడం ఆయన వల్ల కాలేదు.

"అమ్మా, నాకు అర్థం కాలేదు. ఊరికి పోయాడనుకున్నాను. బతికున్న మనిషికనుకునే రాశాను. చనిపోయాడని తెలిస్తే రాకుండా ఉంటానా అమ్మా?"

రవీందర్ ఆయన వంక ఓ క్షణం చూసి లోపలికి వెళ్ళిపోయాడు. కనకలక్ష్మి చాప పుల్లలు సర్దింది. ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"పోయిండంటే మీకు సమజ్ గాలే. సరే సార్. ఇరవై దినాలు దవాఖానల ఉండె గద. గప్పుడు ఏం మాట సమజ్ గాలే మీకు?"

భీమేశ్వరరావు తల వంచుకున్నాడు. రిలీజు గుర్తొచ్చింది, గృహప్రవేశం గుర్తొచ్చింది, అవేవీ నోటి దాకా రాలేదు.

"భయమేసిందమ్మా," అన్నాడు. "పార్కింగు దాకా వచ్చి వెనక్కి పోయాను. ఆయన్ని చూస్తే నన్ను నేను చూసుకున్నట్టుంటుందని భయమేసింది." ఆ మాట అనేసి, యాభై నాలుగేళ్ళ మనిషి, పరాయి ఇంటి వరండాలో వెక్కి వెక్కి ఏడ్చాడు.

కనకలక్ష్మి ఓదార్చలేదు.

"ఆయనకు గూడ భయమే అయింది సార్. మాకు చెప్పకపోయేటోడు. ఏమైతుంది, ఏమన్న చెప్పుండ్రి అని నేనడిగితే, రావు సాబ్‌ను రానియ్యి, ఆయనకు చెప్త అనేటోడు. శనారం వస్తే గడ్డం గీయించుకొని కూసుండేటోడు."

"ఏం చెప్పాలనుకున్నాడమ్మా?"

"మీకు చెప్పెటిది," అంది కనకలక్ష్మి, "మాకెట్ల తెలుస్తది సార్?"