గుర్తుపట్టే మొహం

టేపు ముక్క తుంచి, మిగిలిన చుట్ట కొసను నెవెనా గోరంత లోపలికి మడిచింది. మడవకపోతే కొస అంటుకుపోతుంది. తర్వాత తీసేవాళ్లు దాన్ని గోటితో గీరుతూ వెతుక్కోవాలి. ఏడుస్తూ వచ్చినవాళ్లకు ఆ పని పెట్టకూడదని కొట్టు తెరిచిన మొదటి వారంలోనే అనుకుంది. ముప్పై ఒక్క ఏళ్లయింది, ఒక్కనాడూ మరవలేదు.

బల్గేరియాలోని రూసే ఊళ్లో, దాన్యూబ్ నది వైపు దిగే వీధిలో ఆమెది ఇరుకు కొట్టు. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, కాగితాలు కోసే కత్తి. పోయినవాళ్ల ఫొటోతో మరణ ప్రకటనలు వేస్తుంది. చాలామందికి నల్ల అంచు, ముస్లింల ఇళ్లకైతే ఆకుపచ్చ. వాటిని ఇంటి తలుపుకీ, వీధి చెట్లకీ, బస్సుస్టాపుకీ అంటిస్తారు. నలభయ్యో రోజున మళ్లీ కొత్తది, ఆరో నెలలో మళ్లీ, ఏడాదికి మళ్లీ. పోయినవాళ్లు ఇంకొంతకాలం వీధిలోనే ఉంటారు.

కాగితం, సిరా ఎవరైనా అమ్ముతారు. గుర్తుపట్టే మొహం మాత్రం ఈ కొట్లోనే దొరుకుతుందని నెవెనా లెక్క. ఆమె వేసిన కాగితం ముందు ఆగి "ఎవరీమె?" అని అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు. ఇన్నేళ్లలో ఆమె మిగుల్చుకున్నది అదే.

పక్కన ఫోన్ల కొట్టు ప్లామెన్ కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడ్డాడు.

"పిన్నీ, ఇంకెన్నాళ్లు ఈ జిగురూ కాగితాలూ? చావు కబురు కూడా ఫోన్లోనే పెడుతున్నారిప్పుడు."

"పెట్టనీ. ఫోన్లో చూసినవాడు బొటనవేలితో పైకి తోసేస్తాడు. చెట్టుకున్నదాన్ని తోసి చూపించు, చూద్దాం."

"నీతో మాట్లాడి గెలిచినవాడు లేడే తల్లీ."

పదిన్నరకు గాలిన్ వచ్చాడు. సిటీ బస్సు డ్రైవరు, నలభై దాటినవాడు, ఒంటిమీద ఇంకా యూనిఫాం చొక్కానే. వాళ్లమ్మ త్సొంకా సంతలో మిరపకాయలు అమ్మేది. నిన్న పొద్దున నిలబడ్డచోటే కూలిపోయింది. మూడింటికి ఖననం. మధ్యాహ్నానికి కాగితం గోడకెక్కకపోతే, ఆమె దగ్గర ముప్పై ఏళ్లు కొన్నవాళ్లు ఒక్కరూ రారు.

అతను తన ఫోన్లో ఒక ఫొటో చూపించాడు. ఏదో పెళ్లిలో తీసిన మసక బొమ్మను ఫోనే బాగుచేసిందట. ముడతలు లేవు. కళ్లు మెరుస్తున్నాయి. పళ్లు వరసగా ఉన్నాయి.

"అందంగా ఉంది," అంది నెవెనా. "ఎవరీవిడ?"

గాలిన్ మొహం ఎర్రబడింది. "అమ్మ నలుగురికీ బాగా కనపడాలని..."

"కనపడాల్సింది మీ అమ్మ కదా నాయనా. ఆవిడ ఫోనుందా?"

ఉంది. అద్దం మూల పగిలింది, వెనక జిగురు మరక. నాలుగువేల పైచిలుకు ఫొటోలున్నాయి. కాల్చిన మిరపకాయలు, సీసాలకెత్తిన పచ్చడి, పొయ్యి పక్క పిల్లి, మనవరాలి ఊడిన పన్ను. త్సొంకా ఒక్కదాన్లోనూ లేదు. తీసింది ఆమె కనక ఎందులోనూ పడలేదు.

"నేనెప్పుడూ అమ్మని తియ్యనేలేదు," అన్నాడు గాలిన్. నెవెనా ఫొటోలు ఇంకా కిందికి జరిపింది.

ఆమె వేలు ఎక్కడో తగిలింది. కెమెరా తెరుచుకుని ఆమెవైపే తిరిగి, క్లిక్కుమంది. ముక్కు చివర కళ్లద్దాలు, ముడిపడ్డ కనుబొమలు.

"ఛీ, పాడు మొహం! తీసెయ్యి."

గాలిన్ నిన్నటినుంచి మొదటిసారి నవ్వాడు. "అమ్మకీ ఇలాగే తిరగబడేది. తిట్టుకుంటూ తీసేసేది." అంటూ దాన్ని చెరిపేశాడు.

నెవెనా తల ఎత్తింది. "తీసేసినవి ఎక్కడికి పోతాయి?"

"చెత్తబుట్టలోకి. నెల్రోజులుంటాయి."

"తెరువు."

అందులో పదకొండుమంది త్సొంకాలు ఉన్నారు. గడ్డం కిందనుంచి ఒకటి, సగం నుదురు ఒకటి, నోరు తెరిచి బిత్తరపోయింది ఒకటి. ఏడోదాన్లో తన్ను తాను చూసుకుని పగలబడి నవ్వుతోంది. తలకు గుడ్డ, నుదుటిమీద మసి, ముందుపన్ను లేని ఖాళీ.

"ఇదే," అంది నెవెనా.

"పన్ను లేనిది కనపడుతోంది, అత్తా."

"సంతంతా ఆ పన్ను లేకుండానే ఎరుగును."

గాలిన్ తలూపాడు. తర్వాత తన ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

పన్నెండుకల్లా ముప్పై కాగితాలు వీధికెక్కాయి. నెవెనా గుమ్మంలో నిలబడి బస్సుస్టాపు వైపు చూసింది. సంచీతో వచ్చిన ముసలాయన ఒకడు కాగితం ముందు ఆగి టోపీ తీశాడు.

"త్సొంకా! శనివారమేగా నాకు బస్తా ఎత్తిపెట్టావు!"

ఎవరని అడగలేదు. నెవెనా వెన్ను నిటారుగా పెట్టుకుని లోపలికొచ్చింది. కత్తి తుడిచింది, టేపు కొస మడిచింది, షట్టరు దించేవేళకు ఇంకో ఇద్దరి మొహాలు వెతికిపెట్టింది.

తర్వాతి సోమవారం పదయినా షట్టరు లేవలేదు. ప్లామెన్ ఇంటికెళ్లి చూశాడు. ఆమె మంచంమీద పక్కకు తిరిగి పడుకునుంది, నిద్రలోనే పోయింది.

ఆమె కంప్యూటర్లో ఊరు ఊరంతా ఉంది. ఆమె లేదు. ప్లామెన్ తన ఫోనంతా గాలించాడు. పదేళ్లు పక్క కొట్టువాడు, ఒక్కటీ లేదు. మూసిన కొట్టు చూసి బస్సు దిగొచ్చిన గాలిన్, జేబులోంచి వాళ్లమ్మ ఫోను తీశాడు. చెత్తబుట్ట తెరిచాడు. ప్లామెన్ ఆమె ప్రింటరు మీదే కాగితాలు వేశాడు.

మధ్యాహ్నానికి ఆమె తన షట్టరు మీదే ఉంది. ముక్కు చివర కళ్లద్దాలు, ముడిపడ్డ కనుబొమలు, ఎదుటివాడి ఫొటో సరిగా ఉందో లేదో చూస్తున్నట్టు. దారినపోయేవాళ్లు ఆగారు. ఎవరని ఒక్కరూ అడగలేదు.

అంటించేటప్పుడు గాలిన్ ఆమె టేపు చుట్ట కొసకోసం గోరు పెట్టాడు. వెతకాల్సిన పని లేకపోయింది. ఆఖరి కాగితం అయ్యాక, తుంచి, చుట్టను ఆమె బల్లమీద పెట్టాడు. కొస గోరంత లోపలికి మడిచి ఉంది.